వేడి గది నుంచి చల్లని గాజుగూటికి: ఐరోపాలో కమేలియా

కమేలియా తేయాకు మొక్కకు దగ్గరి చుట్టం; రెండూ ఒకే ప్రజాతివి. జపాన్, చైనా, కొరియా అడవుల్లో పెద్ద చెట్ల నీడన పెరిగే ఈ పొద ఆకులు ఏడాది పొడవునా నిగనిగలాడుతుంటాయి. చలికాలం చివరి నుంచి వసంతం దాకా పూస్తుంది. జపాన్‌లో దీన్ని త్సుబాకి అంటారు. గింజల నుంచి తీసిన నూనెను అక్కడి స్త్రీలు తరతరాలుగా తలకు రాసుకుంటున్నారు.

జపాన్‌లో ఉండి వచ్చిన జర్మన్ వైద్యుడు కెంఫర్ 1712లో అచ్చయిన తన గ్రంథంలో త్సుబాకిని వర్ణించాడు. ఫిలిప్పీన్స్ మొక్కలను పరిశీలించిన జెసూట్ సోదరుడు కామెల్ పేరు మీద వృక్షశాస్త్రవేత్త లిన్నేయస్ దీనికి కమేలియా అని పేరు పెట్టాడు.

ఇంగ్లండ్‌లో దీన్ని మొదట పెంచినవాడు ఎసెక్స్‌కు చెందిన లార్డ్ పీటర్. 1739 నాటికే ఆయన తోటలో ఇది పూసింది. తూర్పు దేశాల మొక్క కనుక వేడి కావాలనుకుని పొయ్యితో వెచ్చబెట్టిన గదిలో ఉంచారనీ, ఆ వేడికే మొక్కలు చనిపోయాయనీ చెబుతారు. ఆ పొరపాటు చాలాకాలం సాగింది. 1792లో కార్నాటిక్ అనే ఓడలో చైనా నుంచి తెల్లని ముద్దపూల రకం వచ్చాక సంపన్నుల్లో కమేలియా మోజు పెరిగింది. లండన్ దగ్గర చిజిక్‌లో 1813లో కట్టిన 300 అడుగుల గాజుగృహంలో 1828 నుంచి కమేలియాలు నాటారు.

అనుభవం మీద తోటమాలులకు అసలు సంగతి తెలిసింది. ఈ మొక్క చలికి ఓర్చుకుంటుంది, దెబ్బతినేవి మొగ్గలు. రాత్రి గడ్డకట్టిన మొగ్గ మీద ఉదయపు ఎండ సూటిగా పడితే అది మాడిపోతుంది. అందుకే తూర్పు ముఖంగా ఉన్న గోడ పక్కన నాటరు. ఈదురుగాలి తగలని చోటు, పలుచని నీడ, సున్నం లేని పుల్లనేల దీనికి సరిపడతాయి. నేలలో సున్నం ఉన్నచోట ఆకుల ఎరువు కలిపిన మట్టితో తొట్టిలో పెంచుతారు. తొట్టి మొక్కకు వేసవి చివర మట్టి ఎండనివ్వకూడదు; మొగ్గ కట్టేది అప్పుడే. నీరు చాలకపోతే మొగ్గలు విచ్చకుండానే రాలిపోతాయి.

1920ల్లో కార్న్‌వాల్‌లోని కేర్‌హేస్‌లో జె. సి. విలియమ్స్ జపాన్ కమేలియాను చైనాలోని యునాన్‌లో పెరిగే మరో కమేలియా జాతితో సంకరపరిచాడు. అలా పుట్టిన విలియమ్సీ రకాలు ఆరుబయటే విరివిగా పూస్తాయి.

శీతాకాలం మరింత కఠినంగా ఉండే జర్మనీలో, డ్రెస్డెన్ దగ్గరి పిల్‌నిట్జ్ రాజోద్యానంలో 1801లో నేలలో నాటిన కమేలియా నేటికీ పూస్తోంది. ఏటా చలికాలంలో దాని చుట్టూ చెక్క గూడు కట్టేవారు. 1905 జనవరిలో గూడుకు నిప్పంటుకుంది. ఆర్పడానికి చల్లిన నీరు గడ్డకట్టి మంచు కవచంలా కప్పడంతో మొక్క బతికింది. 1992 నుంచి పట్టాల మీద కదిలే గాజుగూడు దానికి రక్షణ. చలికాలమంతా లోపల ఉష్ణోగ్రతను సున్నాకు కొద్ది డిగ్రీలు మాత్రమే పైన ఉంచుతారు. చలి తగ్గగానే గూడును పక్కకు జరిపేస్తారు.