కాలేయ కణితిని కొలిచిన తీరు

స్కానర్లు రాకముందు, కాలేయ కేన్సర్‌కు ఇచ్చిన మందు పనిచేసిందో లేదో తేల్చింది వైద్యుడి చేతివేళ్లే. కుడివైపు పక్కటెముకల కింద కాలేయం ఎంత కిందికి దిగిందో తడిమి చూసి, కొలిచి రాసుకునేవారు. ఆ కొలతను ఎంతవరకు నమ్మవచ్చు? 1976లో మోర్టెల్, హాన్లీ అనే అమెరికన్ పరిశోధకులు దీన్నే పరీక్షకు పెట్టారు. మెత్తటి పరుపు మీద 12 గట్టి గోళాలు అమర్చి, పైన ఫోమ్ షీటు కప్పారు. అనుభవం గల 16 మంది కేన్సర్ వైద్యులు పైనుంచి తడిమి ఒక్కో గోళం ఎంత ఉందో చెప్పాలి. వాటిలో కొన్ని సరిగ్గా ఒకే సైజువి. పొడవు వెడల్పుల లబ్ధం పావు వంతు తగ్గితే మందు పనిచేసినట్టు అనుకుంటే, ఇంచుమించు నాలుగైదు సార్లకు ఒకసారి లేని తగ్గుదల కనిపించింది. సగం తగ్గాలని గీత గీస్తే పొరపాటు చాలావరకు తగ్గింది. గోళం కరగదు, పెరగదు. తేడా అంతా వేళ్లదే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1979లో తెచ్చిన నియమావళిలోనూ సగం తగ్గడమే గీటురాయి అయింది.

అప్పటికే సీటీ వచ్చింది. 1971 అక్టోబరు 1న లండన్‌లో హౌన్స్‌ఫీల్డ్ యంత్రం మొదటి రోగి తలను చిత్రించింది. తల కదలకుండా ఉంటుంది. కాలేయం అలా కాదు, ప్రతి ఊపిరికీ పైకీ కిందికీ జరుగుతుంది. ఒక్కో కోతకు నిమిషాలు పట్టే తొలి యంత్రాలకు అది అందలేదు. 1989లో వచ్చిన స్పైరల్ సీటీ ఒక్క ఊపిరి బిగబట్టే వ్యవధిలో కాలేయమంతా చూపగలిగింది.

ఆ వేగం ఎందుకంత ముఖ్యమైందంటే, కాలేయానికి రక్తం రెండు దారుల్లో వస్తుంది. దాదాపు ముప్పావు వంతు పేగుల నుంచి పోర్టల్ సిర తెస్తుంది, మిగతాది ధమని తెస్తుంది. కణితి మాత్రం ఇంచుమించు పూర్తిగా ధమని మీదే బతుకుతుందని 1954లో బ్రీడిస్, యంగ్ చూపించారు. చేతి నరంలోకి కాంట్రాస్ట్ మందు ఎక్కించిన అర నిమిషం చిల్లరకు ధమని రక్తం చేరి కణితి తెల్లగా మెరుస్తుంది. మరికాసేపటికి చుట్టూ ఉన్న కాలేయం తెల్లబడి, కణితి వెలవెలబోతుంది. ఆ కొద్ది సెకన్లు దాటిపోతే మెరుపు చేజారినట్టే.

కణితి ఆధారపడిన ఈ దారినే చికిత్స కూడా పట్టుకుంది. 1970ల చివర ఒసాకాలో యమాదా బృందం తొడ దగ్గరి ధమని గుండా సన్నని గొట్టం పంపి, కణితికి రక్తం తెచ్చే కొమ్మలోకి మందు వదిలి, జెలటిన్ స్పాంజి ముక్కలతో దాన్ని మూసేసింది. తరువాత ఇందులోకి లిపియోడాల్ వచ్చి చేరింది. మన వంటింటి గసగసాల నుంచి తీసే నూనెకే అయొడిన్ పట్టించి 1901లో పారిస్‌లో తయారుచేసిన మందు అది. కణితిలో వారాల తరబడి నిలుస్తుంది.

చిక్కంతా ఇక్కడే మొదలైంది. రక్తం ఆగిన కణితి చస్తుంది, కానీ వెంటనే చిన్నదవదు. 2000లో వచ్చిన రెసిస్ట్ నియమాలు కణితుల పొడవాటి వ్యాసాల మొత్తం 30 శాతం తగ్గితేనే గుణం కనిపించినట్టు లెక్కించాయి. ఆ లెక్కన లోపలంతా చచ్చిన కణితికీ, నిక్షేపంగా బతికున్న కణితికీ తేడా లేదు. అదే ఏడు బార్సిలోనాలో కూడిన యూరప్ కాలేయ నిపుణులు బతికున్న భాగాన్నే కొలవాలన్నారు. ఈ చరిత్రలో అన్నిటికన్నా పెద్ద మలుపు ఇదే. 2010లో లెన్సియోని, యోవెట్ దాన్ని ఎం-రెసిస్ట్‌గా స్థిరపరిచారు: ధమని దశలో మెరిసే భాగం వ్యాసమే కొలత, మెరవని భాగం లెక్కలోకి రాదు.

సైజును నమ్ముకుంటే ఎంత నష్టమో 2008లో వెలువడిన సోరాఫెనిబ్ అనే కాలేయ కేన్సర్ మందు ఫలితాలు చూపాయి. ఆ మాత్రలు వాడిన 299 మందిలో కణితి తగినంత తగ్గింది ఏడుగురికే. అయినా మధ్యస్థ ఆయుష్షు 7.9 నెలల నుంచి 10.7 నెలలకు పెరిగింది. 2020 నాటి అటెజోలిజుమాబ్, బెవాసిజుమాబ్ అనే జంట మందుల పరీక్షలోనైతే ఒకే రోగుల స్కాన్లకు రెసిస్ట్ 27.3 శాతం గుణం చూపితే, ఎం-రెసిస్ట్ 33.2 శాతం చూపింది.

మెరుపును కొలవడంలోనూ తిప్పలున్నాయి. లిపియోడాల్ సీటీలో తనే తెల్లగా కనిపించి కింద మిగిలిన కణితిని కప్పేస్తుంది. అలాంటప్పుడు ఎమ్మారై అక్కరకొస్తుంది. కాంట్రాస్ట్‌కు ముందు తీసిన చిత్రాన్ని తరువాతి చిత్రంలోంచి తీసివేస్తే, కొత్తగా మెరిసింది మాత్రమే మిగులుతుంది. 2017లో, కాలేయ స్కాన్లను చదివి నమోదు చేసే లై-రాడ్స్ పద్ధతి, చికిత్స పొందిన ఒక్కో కణితినీ విడివిడిగా బతికున్నది, చచ్చినది, తేలనిది అని రాసే ఏర్పాటు చేసింది.

ఇట్రియం-90 పూసలతోనో బయటి కిరణాలతోనో చికిత్స చేసిన కణితులు ఇందులోనూ ఒదగలేదు. రేడియేషన్ తగిలిన కణితి చచ్చే దారిలో ఉండి కూడా నెలల పాటు మెరుస్తుంది. తొందరపడి బతికుందని రాస్తే రోగికి అక్కర్లేని చికిత్స మొదలవుతుంది. అందుకే లై-రాడ్స్ 2024 కూర్పులో రేడియేషన్‌కు వేరే పట్టిక వచ్చింది. మెరుపు ఉన్నా పెరగకుండా నిలకడగా ఉన్న కణితిని అందులో ‘నాన్‌ప్రోగ్రెసింగ్’ అని నమోదు చేసి, తరువాతి స్కాన్లలో గమనిస్తూ ఉంటారు.