నిరంకుశ రాజరికం: బళ్ళారి సీమలో నాయంకరం నుంచి రైతువారీ వరకు

నిరంకుశ రాజరికమనగా సైన్యం, శిస్తు, న్యాయం అనే మూడింటినీ సామంతుల చేతిలో విడువక రాజు తన స్వాధీనంలోనే ఉంచుకునే పాలన. ఐరోపాలో ఇది 16, 17 శతాబ్దాలలో బలపడింది. అదే కాలంలో తుంగభద్రా తీరాన కూడా ఇటువంటి ప్రయత్నమే జరిగింది. కాని అది సగంలోనే నిలిచిపోయింది.

ఫ్రాన్సులో

ఫ్రాన్సు ఇందుకు ప్రసిద్ధమైన ఉదాహరణ. 1614 తరువాత అక్కడి రాజులు ప్రతినిధుల సభను 1789 వరకు సమావేశపరచలేదు. మంత్రి రిషెల్యూ కాలంలో, 1626లో, సరిహద్దులలో లేని ప్రభువుల కోటలను పడగొట్టవలసినదిగా ఆజ్ఞ వెలువడింది. 1661 నుంచి స్వయంగా పాలించిన పద్నాలుగవ లూయీ పరగణాలపై తన అధికారులనే నిలిపి, 1682లో కొలువును వెర్సాయికి మార్చి ప్రభువులను తన కనుసన్నలలో ఉంచుకున్నాడు. అయితే ప్రభువులకు ముఖ్యమైన పన్ను మినహాయింపు మిగిలింది. ఆ భారం సేద్యగాండ్రపై పడింది.

విజయనగరంలో

హంపీ రాజధానిగా శ్రీకృష్ణదేవరాయలు 1509 నుంచి 1529 వరకు పాలించాడు. రాజ్యం అమరనాయకుల నడుమ పంపకమై ఉండేది. నాయకుడు భూమిని అనుభవిస్తూ, నిర్ణీత సంఖ్యలో సైన్యాన్ని పోషించి, రాజుకు కప్పం చెల్లించాలి. 1530లలో ఇక్కడ ఉన్న పోర్చుగీసు వర్తకుడు నూనిజ్ రెండు వందలకు పైగా నాయకులున్నారనీ, వారి ఆదాయం 120 లక్షల బంగారు నాణెములైతే అందులో 60 లక్షలు రాజుకు చేరేవనీ వ్రాశాడు. మహర్నవమి ఉత్సవ దినాలలో ఈ లెక్కలు తీరేవి.

నాయకులు తలయెత్తకుండా రాయలు ముఖ్యమైన దుర్గాలను బ్రాహ్మణ అధిపతులకు అప్పగించాడు. ఆముక్తమాల్యద రాజనీతిలోనూ ఈ సలహా ఉంది. అయినను భూమి, భటులు నాయకుల వద్దనే ఉండిపోయారు.

పాళెగాండ్ర కాలం

ఆ లోపం 1565 జనవరిలో రక్కసతంగడి యుద్ధంతో బయటపడింది. రాజధాని కూలినను నాయకుల సేనలు, కోటలు నిలిచాయి. హరపనహళ్ళి, రాయదుర్గం, చిత్రదుర్గం, బళ్ళారి వంటి చోట్ల పాళెగాండ్రు వెలశారు. వారు బిజాపురానికి, పిదప మరాఠాలకు, మైసూరుకు కప్పం కడుతూ, వీలైనప్పుడు ఎగవేస్తూ వచ్చారు. పైవాడు మారినప్పుడల్లా ఆ సొమ్ము రాబట్టవలసినది మాత్రం ఊరి రైతు నుంచే. 1775 ప్రాంతంలో హైదరాలీ బళ్ళారి కోటను పట్టుకున్నాడు.

మన్రో కాలం

1800లో నిజాం ఈ సీమను ఈస్టిండియా కంపెనీకి దత్తం చేశాడు. 1807 వరకు ఇక్కడ ప్రధాన కలెక్టరుగా ఉన్న థామస్ మన్రో సుమారు 80 మంది పాళెగాండ్ర బలాన్ని అణచాడు. వారి భటులను తొలగించి, కొందరికి భరణం ఇచ్చి, మరికొందరిని వెళ్ళగొట్టాడు. పొలాలు కొలిపించి, రైతుతోనే నేరుగా శిస్తు నిర్ణయించే రైతువారీ విధానాన్ని నడిపాడు.

మధ్యవర్తి తొలగినంత మాత్రాన భారం తగ్గలేదు. శిస్తు అధికమని గుర్తించి మన్రోయే 1807లో నాలుగవ వంతు తగ్గింపును సిఫారసు చేశాడు. నడుమ గుత్త పద్ధతి వచ్చి, రైతులు నష్టపోయిన పిదప, ఆయన మద్రాసు గవర్నరుగా ఉన్న కాలంలో రైతువారీ మరల నెలకొన్నది. 1827లో ఆయన పత్తికొండ వద్ద కలరాతో మరణించాడు.

పరిశీలన

ఫ్రాన్సులో రాజు ఆరంభించిన పనిని బళ్ళారి సీమలో ఒక వర్తక కంపెనీ ముగించింది. రెండు చోట్లా కోటలు కూలినవి, భటులు పోయారు, లెక్కలు ఒకే కచేరీకి చేరాయి. కాని ఆ కచేరీని ప్రశ్నించే హక్కు రైతుకు దక్కలేదు. 1953లో రాయదుర్గం, ఆదోని, ఆలూరు తాలూకాలు ఆంధ్రకు, బళ్ళారి మైసూరు రాష్ట్రానికి చేరినా, సరిహద్దుకు ఇరుప్రక్కల పల్లెల భూమి చరిత్ర ఒకటే. అధికారం ఒక చోట చేరడం ఒక మెట్టు మాత్రమే. అది ప్రజలకు జవాబు చెప్పవలసి రావడం వేరొక మెట్టు. ఆ రెండవ మెట్టు ఓటు హక్కుతోనే అందివచ్చింది.