తొడగొట్టి బరిలోకి: అండర్‌టేకర్ నుంచి కోడి రామ్మూర్తి దాకా

1990ల్లో బరంపురంలో మా ఇళ్ళకి కేబుల్ టీవీ వచ్చాక పిల్లలకు ఒక కొత్త ఆట దొరికింది. కరెంటు పోతే చాలు, ఒకడు ఇత్తడి పళ్ళెం మీద గరిటెతో 'ఠంగ్'మని కొట్టేవాడు. ఇంకొకడు తాతగారి పాత కోటు తగిలించుకుని, తల వంచుకుని, వరండా చివర్నుంచి అడుగులో అడుగు వేసుకుంటూ వచ్చేవాడు. అది అండర్‌టేకర్ ఎంట్రీ. 1990 నవంబరు 22న అమెరికా రెజ్లింగ్‌లో మొదటిసారి కనిపించిన ఆ మల్లుడు, సరిగ్గా 30 ఏళ్ళకు 2020లో అదే తేదీన వీడ్కోలు తీసుకున్నాడు. గంట మోత, చీకటి, ఆ నిదానమైన నడక. పట్టు పట్టకముందే ఎదుటివాడికి సగం ధైర్యం జారిపోయేది.

ఇది మనకు కొత్తేం కాదు. మన తాలింఖానాల్లో వస్తాదులు ఒంటికి మట్టి రాసుకుని, జబ్బ చరిచి, తొడగొట్టి బరిలోకి దిగేవారు. విరాటుడి కొలువులో వంటవాడిగా ఉన్న భీముడు జీమూతమల్లుడితో తలపడిన కథ మన పెద్దలు చెప్పేటప్పుడు, తొడ చరిచి చూపించకుండా ముందుకు సాగేవారు కాదు. బరంపురంలో అయితే వేషం కట్టడం ఒక మొక్కు కూడాను. రెండేళ్ళకోసారి జరిగే ఠాకురాణీ యాత్రలో పులివేషాలూ దేవుళ్ళ వేషాలూ మనం ఎరిగినవే.

మా పెద్దవాళ్ళ కాలంలో మగపిల్లలు ఒకరినే అనుకరించేవారు. ఆయన కోడి రామ్మూర్తి నాయుడు. 1882లో వీరఘట్టంలో పుట్టారు. మద్రాసు సైదాపేటలో వ్యాయామ శిక్షణ పొంది, విజయనగరంలో మాస్టరుగా పనిచేసి, తర్వాత సర్కస్ పెట్టారు. ఒంటికి చుట్టిన ఇనుప గొలుసును ఊపిరి బిగబట్టి తెంచేవారు. రొమ్ము మీద ఏనుగును నిలబెట్టుకునేవారు. జనం 'కలియుగ భీమ' అన్నారు. మా ఇంట్లో నీరసంగా కూర్చున్న కుర్రాణ్ణి "రామ్మూర్తిలా రొమ్ము విరుచుకుని కూర్చోరా!" అని కసిరేవారు.

1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడినప్పుడు గంజాం జిల్లా రెండు ముక్కలైంది. బరంపురం ఇటు వచ్చింది, ఇచ్ఛాపురం, శ్రీకాకుళం అటు ఉండిపోయాయి. రామ్మూర్తిగారు 1942లో కన్నుమూసింది మాత్రం ఇటువైపే, బలంగీర్‌లో. విశాఖ బీచి రోడ్డులో ఆయన విగ్రహం ఉంది, శ్రీకాకుళం స్టేడియానికి ఆయన పేరు ఉంది. ఇక్కడ ఒడియా, ఇంగ్లీషు బడుల్లో చదివే మన పిల్లలకు ఆ పేరు తెలిసే దారేది?

తొడగొట్టడానికి అక్షరాలు రానక్కర్లేదు. సినిమా చూసినా వచ్చేస్తుంది. అందుకే ఆ సైగ పోలేదు. పేరు అలా కాదు, ఒకరు చెబితేనే ఇంకొకరికి అందుతుంది. మా ఇంట్లో అది మూడో తరానికే ఆగిపోయింది.

2010 ఢిల్లీ కామన్వెల్త్ క్రీడల్లో 69 కిలోల విభాగంలో బంగారు పతకం తెచ్చిన కతులు రవికుమార్ మన బరంపురం లిఫ్టరే. ఆయన బరువెత్తడానికి వచ్చినప్పుడు లైట్లార్పలేదు, గంట కొట్టలేదు. ఎన్నో ఏళ్ళు ఎత్తిన బరువులే ఆయనకు ఎంట్రీ. ఈసారి మీ ఇంట్లో ఏ పిల్లాడైనా తొడగొడితే నవ్వి ఊరుకోకండి. దగ్గర కూర్చోబెట్టుకుని ఈ ఇద్దరి పేర్లూ చెప్పండి.