క్రిప్టో పారితోషికం

సోషల్ మీడియాలో రాసేవారికీ వీడియోలు తీసేవారికీ రూపాయల్లోనో డాలర్లలోనో కాక, బ్లాక్‌చైన్ మీద పుట్టిన టోకెన్లలో ముట్టే ప్రతిఫలం. 2016లో స్టీమిట్ అనే వేదికతో ఇది ఒక పద్ధతిగా రూపు కట్టింది. మన దేశంలో 2021లో చింగారీ యాప్ తెచ్చిన ‘గారి’ టోకెన్‌తో తెలుగువాళ్ల ఫోన్లలోకి వచ్చింది. కవులను పోషించిన సంస్థానం ఉన్న పిఠాపురం వైపు నుంచి చూస్తే ఈ కథ ఇంకా ముందే మొదలవుతుంది. రాసినవాడికి ఎవరివ్వాలి, ఎంతివ్వాలి, మంచి రచన అని తేల్చేది ఎవరు అన్న తగాదాలు ఈ ఊరికి వందేళ్ల పైబడి తెలిసినవే.

సంస్థానం నాటి మాట

జమీందారీ రోజుల్లో కవికి దక్కేది రెండు రకాలు. అవధానం చేసి మెప్పించినవాడికి శాలువా, నూటపదహార్లు అప్పటికప్పుడు చేతికొచ్చేవి. ఆస్థానంలో చోటు దొరికినవాడికి ఏటేటా వర్షాశనమో, అనుభవించడానికి మాన్యమో ఉండేది. పిఠాపురం ఆస్థానంలో దేవులపల్లి సోదరులు సుబ్బరాయశాస్త్రి, తమ్మన్నశాస్త్రి ఉన్నారు. తమ్మన్నశాస్త్రి కొడుకే కృష్ణశాస్త్రి. వేంకట రామకృష్ణ కవులుగా పేరుపడ్డ ఓలేటి వేంకటరామశాస్త్రి, వేదుల రామకృష్ణశాస్త్రి ఇక్కడి ఆస్థాన కవులే. తిరుపతి వేంకట కవులతో వీరి తగాదా ఆనాటి సాహిత్యలోకంలో అందరి నోళ్లలోనూ నానింది. ‘సాక్షి’ వ్యాసాల పానుగంటి లక్ష్మీనరసింహారావు కూడా ఈ ఆస్థానంలో ఉన్నవారే.

మహారాజు రావు వేంకట కుమార మహీపతి సూర్యారావు (1885–1964) పెట్టిన ఖర్చుల్లో పెద్దది సూర్యరాయాంధ్ర నిఘంటువు. జయంతి రామయ్య పంతులు పూనికతో 1911లో ఏర్పడిన ఆంధ్ర సాహిత్య పరిషత్తు దాన్ని తలకెత్తుకుంది. మొదటి సంపుటం 1936లో వచ్చింది. చివరిది, ఎనిమిదోది, రాజుగారు పోయాక గాని రాలేదు. అంత ఓపిక ఏ మార్కెట్టుకూ ఉండదు. అయితే సంచి ఒకరిదే కాబట్టి మెప్పూ ఒకరిదే. ఆ ఒకరికి నచ్చనివాడు ఇంకో సంస్థానం గడప తొక్కాల్సిందే. 1948లో మద్రాసు ఎస్టేట్ల రద్దు చట్టం వచ్చి ఆ సంచికి మూలమైన శిస్తే పోయింది. ఆ తర్వాత రచయితకు దిక్కు పత్రికలు, మనియార్డరులో వచ్చే పారితోషికం. ఇంటర్నెట్ వచ్చాక, యూట్యూబ్ 2007లో ప్రకటనల రాబడిలో వాటా ఇవ్వడం మొదలుపెట్టింది. 2018లో వెయ్యిమంది చందాదారులు, ఏడాదిలో 4,000 గంటల వీక్షణ ఉంటేనే అన్న గడప కట్టింది.

టిప్పుల నుంచి స్టీమిట్ దాకా

మొదట్లో క్రిప్టో పారితోషికం సరదా వ్యవహారం. 2013 డిసెంబరులో పుట్టిన డోజ్‌కాయిన్‌ను రెడిట్‌లో నచ్చిన వ్యాఖ్య కింద చిల్లరగా విసిరేవారు. జాతరలో బుర్రకథ దళానికి చదివింపులు చదివించినట్టే. ఆ చిల్లర చేరవేసే డోజ్‌టిప్‌బాట్ 2017లో మూతపడింది. జనం అందులో ఉంచిన కాయిన్లూ దానితోపాటే పోయాయి.

నెడ్ స్కాట్, డాన్ లారిమర్ కలిసి 2016 మార్చిలో స్టీమ్ బ్లాక్‌చైన్‌ను నడకలో పెట్టారు. దాని మీద నడిచే స్టీమిట్‌లో తొలి చెల్లింపులు ఆ ఏడాది జులై 4న జరిగాయి. ప్రకటనలు లేవు, చందా లేదు. రోజూ కొత్తగా పుట్టే టోకెన్లను, ఓట్లు పడ్డ రచనలకు పంచడమే ఏర్పాటు. రచయితకు సగం స్టీమ్ డాలర్లుగా వచ్చేది, అవి మార్చుకోవచ్చు. మిగతా సగం స్టీమ్ పవర్‌గా వచ్చేది. దాన్ని వెంటనే అమ్మడానికి లేదు. విడిపించుకోవాలంటే మొదట్లో 104 వారాల వాయిదాలు, తర్వాత 13 వారాలు. ఒకటి చేతికిచ్చిన నూటపదహార్లు అనుకుంటే, రెండోది రాసిచ్చిన మాన్యం. మాన్యం ఉన్నవాడికి పలుకుబడి ఉన్నట్టే, పవర్ ఉన్నవాడి ఓటుకు బరువు ఉంటుంది.

చిక్కంతా ఆ బరువులోనే ఉంది. లక్ష స్టీమ్ పవర్ ఉన్న ఒక ఖాతా ఒక వ్యాసానికి ఓటేసిందనుకోండి. తలా 50 పవర్ ఉన్న వందమంది ఇంకో వ్యాసానికి వేశారనుకోండి. మొదటిదాని బరువు 1,00,000, రెండోదాని బరువు 5,000. అంటే 20 రెట్లు. తొలి ఏడాది వాడిన సూత్రం ఈ బరువును వర్గం చేసి పంచేది, అప్పుడు తేడా 400 రెట్లు. 2017 జూన్‌లో వర్గం తీసేశారు, మళ్లీ 20 రెట్లకు వచ్చింది. పెద్ద ఖాతాలను అక్కడివాళ్లు ‘తిమింగలాలు’ అనేవారు, మన భాషలో జమీందార్లే. జమీందారుకు నచ్చనివాడికి వర్షాశనం దొరకదంతే. ఇక్కడ తిమింగలం వ్యతిరేక ఓటు (అక్కడి మాటలో ‘ఫ్లాగు’) వేస్తే వచ్చే డబ్బు కూడా వెనక్కి పోయేది. ఆ ఫ్లాగుల యుద్ధాలు చూస్తే మన ఆస్థాన కవుల పోట్లాటలు మర్యాదగానే అనిపిస్తాయి. డబ్బిస్తే ఓటేసే బాట్లు వచ్చాక ఏది మంచి రచన అన్న ప్రశ్న అడిగేవారే కరవయ్యారు.

2020 ఫిబ్రవరిలో ట్రాన్ అనే మరో బ్లాక్‌చైన్ అధిపతి జస్టిన్ సన్ స్టీమిట్ కంపెనీని కొన్నారు. కంపెనీ చేతిలోని పెద్ద వాటాతో నెట్‌వర్క్‌నే తిప్పేస్తారేమోనని, దాన్ని నడిపే సాక్షులు (బ్లాకులు రాసేవారిని అక్కడ అలాగే పిలుస్తారు) ఆ వాటాను స్తంభింపజేశారు. మార్చి మొదట్లో బైనాన్స్, హువోబీ, పొలోనిక్స్ ఎక్స్ఛేంజీల దగ్గరున్న ఖాతాదారుల టోకెన్లతో ఓట్లు పడి సాక్షులు మారిపోయారు. బ్యాంకు తన దగ్గరి డిపాజిట్లతో ఊళ్లో ఎన్నిక గెలిచినట్టు! మార్చి 20న అక్కడి జనంలో ఓ వర్గం సన్ వాటాను వదిలేసి, మిగతా లెక్కలన్నీ నకలు చేసుకుని హైవ్ పేరిట వేరుపడింది. యజమాని లేని వేదిక అన్న మాటకు అంతకన్నా గట్టి పరీక్ష ఈ చరిత్రలో లేదు.

మిగతా ప్రయత్నాలు

జావాస్క్రిప్ట్ సృష్టికర్త బ్రెండన్ ఐక్ నడిపే బ్రేవ్ బ్రౌజర్ 2017 మే 31న బ్యాట్ టోకెన్లు అమ్మకానికి పెడితే అరనిమిషంలోపే 3.5 కోట్ల డాలర్లు వచ్చాయి. బ్రేవ్ వాడేవాళ్లు తమకొచ్చిన బ్యాట్‌ను నచ్చిన సృష్టికర్తకు ఇవ్వొచ్చు. 2018 డిసెంబరులో యూట్యూబర్ టామ్ స్కాట్, తాను చేరకుండానే తన పేరు మీద విరాళాలు పోగవుతున్నాయని బయటపెట్టడంతో బ్రేవ్ పద్ధతి మార్చుకుంది. రెడిట్ 2020 మేలో మొదలుపెట్టిన మూన్స్ పాయింట్లను 2023 నవంబరులో మానుకుంది. వీడియోలకు టోకెన్లిచ్చిన ఎల్‌బీఆర్‌వై కంపెనీ అమెరికా సెక్యూరిటీల కమిషన్ వేసిన కేసులో 2022లో ఓడి, మరుసటి ఏడాది మూతపడింది.

గారి

2020 జూన్ 29న కేంద్రం టిక్‌టాక్‌తో సహా 59 చైనా యాప్‌లను నిషేధించింది. అప్పటిదాకా పొలం గట్ల మీద, కాలవ రేవుల్లో పదిహేను సెకన్ల వీడియోలు తీసినవాళ్లంతా ఒక్క రాత్రిలో వేదిక లేనివాళ్లయ్యారు. ఆ ఖాళీలోకి దూకిన దేశీ యాప్‌లలో బెంగళూరు చింగారీ ఒకటి, దాన్ని తెలుగులోనూ వాడుకునే వీలుండేది. 2021 అక్టోబరులో అది సొలానా బ్లాక్‌చైన్ మీద వంద కోట్ల టోకెన్ల పరిమితితో గారిని తెచ్చింది. సల్మాన్ ఖాన్ ప్రచారం చేశారు. పేరు చింగారీలోని చివరి అక్షరాలే. తెలుగువాడి చెవికి మాత్రం అది గౌరవవాచకంగానే వినపడుతుంది. 2024 ఎన్నికల తర్వాత ‘పిఠాపురం ఎమ్మెల్యే గారి తాలూకా’ అన్న స్టిక్కరు రాష్ట్రమంతా బళ్ల నంబరు ప్లేట్లకెక్కింది. ఈ ఊరి పేరు అంతగా వైరల్ అయిన సందర్భం ఈమధ్య ఇంకొకటి లేదు.

2022లో వీడియోలు చూసేవారికీ గారి ఇచ్చే పథకం వచ్చింది. తీసినవాడితోపాటు చూసినవాడికీ కూలి అన్నమాట. ఆ ఏడాది జులై మొదటివారంలో ఒక్క రోజులో టోకెన్ విలువ సుమారు అయిదింట నాలుగు వంతులు పడిపోయింది. కొత్తగా కొనేవాళ్లు తగ్గితే, ఊరికే వచ్చిన టోకెన్లు అమ్ముకునేవాళ్లే మిగులుతారు. స్టీమ్‌నూ కుంగదీసింది చాలావరకు ఇదే.

చట్టం, పన్ను

రిజర్వు బ్యాంకు 2018 ఏప్రిల్ 6న బ్యాంకులు క్రిప్టో వ్యాపారాలకు సేవలందించరాదని ఉత్తర్వు ఇచ్చింది. సుప్రీంకోర్టు 2020 మార్చి 4న దాన్ని కొట్టేసింది. 2022 ఏప్రిల్ 1 నుంచి క్రిప్టో లాభంపై 30 శాతం పన్ను, జులై 1 నుంచి బదిలీపై 1 శాతం టీడీఎస్ వచ్చాయి. కొన్న ధర తప్ప మరే ఖర్చూ తీసెయ్యనివ్వరు. 2022 ఏప్రిల్ నుంచే క్రిప్టో ప్రకటనలకు నష్టభయం హెచ్చరిక తప్పనిసరి అని ప్రకటనల ప్రమాణాల మండలి నియమం పెట్టింది. డబ్బు తీసుకుని టోకెన్లను పొగిడే ఇన్‌ఫ్లుయెన్సర్లకూ అది వర్తిస్తుంది.

టోకెన్ చేతికొచ్చిన రోజు ధరను ఆదాయంగా చూపించి, అమ్మిన రోజు లాభానికి వేరే పన్ను కట్టడం ఆడిటర్లు ఎక్కువగా పాటించే పద్ధతి. అందువల్ల వచ్చిన తేదీ, ఆనాటి ధర రాసిపెట్టుకోవడం అవసరం. వెయ్యి టోకెన్లు ఒక్కోటి 50 రూపాయలున్నప్పుడు వస్తే 50,000 ఆదాయం. ధర 10 రూపాయలకు దిగాక అమ్మితే 40,000 నష్టం. ఆ నష్టాన్ని యూట్యూబ్ రాబడిలోంచి గాని, ఇంకో టోకెన్ మీద వచ్చిన లాభంలోంచి గాని తీసెయ్యడానికి చట్టం ఒప్పుకోదు.