ఏపీ నంబరు, టీఎస్ బస్సు

ఎటపాకలో ఉండే మా పిన్ని కొడుకు పోయిన వేసవిలో ఫోన్ నా ముందు పెట్టి, "అన్నా, ఇది తప్పు కదా?" అన్నాడు. తెర మీద బస్ సిమ్యులేటర్ ఇండోనేషియా. అందులో నేను చేసిచ్చిన భద్రాచలం–చింతూరు బస్సు. పక్కన టీఎస్‌ఆర్టీసీ అని ఉంది. నంబరు ప్లేటు మీద ఏపీ 28 జెడ్.

ఆ బస్సుతో అప్పటికే మూడు రోజులు కుస్తీ పట్టాను. మాలియో అనే ఇండోనేషియా సంస్థ 2017లో తెచ్చిన ఆట ఇది. అంతకు ముందు ఏడాదే, హారన్ కొట్టమని అక్కడి పిల్లలు డ్రైవర్లను అడిగే 'ఓం తెలోలెత్ ఓం' ప్రపంచమంతా పాకింది. ఆ హారన్ ఆటలోనూ ఉంది. మనవాళ్లకి పట్టుకున్నది మాత్రం వేరే: బస్సుకి మన రంగులు మనమే వేసుకోవచ్చు. అలా తొడిగే చదునైన బొమ్మని లివరీ అంటారు. బస్సు ఆకారాన్నే మార్చేది మోడ్.

మోడ్ ఫైల్‌ని ఆట తాలూకు మోడ్స్ ఫోల్డర్‌లో పెట్టాలి. జిప్ విప్పకుండా పెడితే బస్సు కనపడదు. ఒక మోడల్‌కి గీసిన లివరీ ఇంకోదానికి తొడిగితే అక్షరాలు కిటికీల మీదకెక్కుతాయి. రెండు పక్కలకీ ఒకే బొమ్మ వాడే మోడల్ అయితే ఒకవైపు పేరు అద్దంలో చూసినట్టు తిరగబడుతుంది. అప్పుడు మోడల్ మార్చుకోవాల్సిందే.

తెలుగు బోర్డుది ఇంకో తంటా. ఒత్తులు కలపడం రాని ఎడిటర్‌లో భద్రాచలం అని కొడితే 'భద్‌రాచలం' అని పడుతుంది. చివరికి ఒత్తులు సరిగ్గా చూపే యాప్‌లో పేరు రాసి, వెనక రంగు లేని బొమ్మగా దాచి, లివరీ మీద అతికించాను.

ఇంత చేశాక తప్పంటే ఊరుకుంటానా? "తప్పు కాదురా" అన్నాను. 1932లో నిజాం రైల్వే 27 బస్సులతో మొదలుపెట్టిన రవాణా విభాగమే 1958లో ఏపీఎస్‌ఆర్టీసీ అయింది. ఆ జెడ్ నిజాం తల్లి జహ్రా బేగం పేరు మీద వచ్చిందని చెప్పుకుంటారు. 2016లో టీఎస్‌ఆర్టీసీ ఏర్పడింది. పక్కన పేరు మార్చారు గానీ పాత బస్సుల నంబర్లు అలాగే ఉంచారు. 2024లో టీఎస్ కాస్తా టీజీ అయింది. కాబట్టి ఏపీ ప్లేటు, టీఎస్ పేరు ఒకే బస్సు మీద కనిపిస్తే అది ఆ మధ్య ఏళ్ల బస్సు.

వాడు కాసేపు ఆగి, "మరి మా ఊరు?" అన్నాడు.

దీనికి జవాబు అంత తొందరగా తెమలదు. నిజాం భద్రాచలం ప్రాంతాన్ని 1860లో బ్రిటిష్ వాళ్లకి ఇచ్చాడు. కొన్నాళ్లు సెంట్రల్ ప్రావిన్సెస్ కింద ఉండి, 1874లో మద్రాసు ప్రెసిడెన్సీలోని గోదావరి జిల్లాకి వచ్చింది. 1959లో ఖమ్మం జిల్లాలో కలిసింది. 2014లో పోలవరం కోసం గీసిన గీతతో భద్రాచలం పట్టణం తెలంగాణకి మిగిలింది, దానికి ఆనుకున్న ఎటపాక ఆంధ్రకి పోయింది. 2022లో వాడి చిరునామాలోకి అల్లూరి సీతారామరాజు జిల్లా వచ్చింది. పిన్నికి జ్వరమొస్తే ఆటోలో వెళ్లేది భద్రాచలానికే. రేషన్ కార్డు మాత్రం ఆంధ్రది. ఎటపాకతో కలిపి అయిదు పంచాయతీలను తిరిగి తెలంగాణలో కలపమన్న డిమాండు ఇప్పటికీ వినిపిస్తూనే ఉంది.

ఆర్టీసీ పాత పేరు మీద కొత్త పేరు రాసేసుకుంటుంది. కింద ఉన్నదాన్ని ఎవరూ దాచరు. సరదాకి చేసే ఈ లివరీల్లోనే ఒక్కో ఏడాది బస్సు ఒక్కోటిగా మిగులుతోంది. అందుకే అక్షరం తప్పు పోతే నాకు ఊరుకోబుద్ధి కాదు.

వంటింట్లోంచి పిన్ని అంది: "నేను 2009లో కాపురానికొచ్చిన బస్సు కూడా చేసిపెట్టరా. అప్పుడు అటూ ఇటూ లేదు."

ఆ రాత్రే కూర్చున్నాను. టీఎస్ తీసి ఏపీఎస్‌ఆర్టీసీ అని పెట్టాను. నంబరు ప్లేటు ముట్టుకోలేదు.