కూటనాణెమును మరలించు ధర్మము

ఒంగోలునుండి పడమరగా మార్కాపురమునకు పోవు మార్గమున, తీరప్రాంతపు నల్లరేగడి క్రమముగా వెనుకబడి, నల్లమల దిశగా నేల ఎఱ్ఱబాఱి రాతిపాలు హెచ్చుచున్న చోట, కనిగిరి, దర్శి, మార్కాపురము దారులు వచ్చి కలియు కూడలిలో పొదిలి యున్నది. 1970వ సంవత్సరము ఫిబ్రవరి 2న ఒంగోలు కేంద్రముగా క్రొత్త జిల్లా యేర్పడువఱకు పొదిలి తాలూకా నెల్లూరు జిల్లాలోనిది. అంతకు పూర్వము దర్శితోపాటు వేంకటగిరి జమీందారీలో చిరకాలముండినది. పడమటనున్న మార్కాపురము, గిద్దలూరు సీమలు కర్నూలు జిల్లాకు చెందియుండెను. ఇట్లు తీరమునకును మెట్టకును నడుమనున్న యీ ప్రదేశమున ధాన్యము, పశువులు, వస్త్రములు చేతులు మాఱినప్పుడెల్ల నాణెమును చేతులు మాఱినది. నాణెము నడచిన దారినే కూటనాణెమును నడచినది. నేడు చేతిలోని ఫోనున బొమ్మ చూచి, సొమ్ము చెల్లించి, పార్శిలుగా తెప్పించుకొన్న పాతనాణెము కూటమని తేలినపుడు దాని నేమి చేయవలెనను ప్రశ్న పొదిలివంటి యూళ్లలోని నాణెసేకర్తల కెదురగుచున్నది. ఆ ప్రశ్న రూపమున క్రొత్తది. స్వభావమున రెండువేల యేండ్లనాటిది.

ఈ సీమకు దూరదేశపు నాణెములతోగల పరిచయము మిక్కిలి ప్రాచీనము. పదునెనిమిదవ శతాబ్ది చివరిభాగమున నెల్లూరు ప్రాంతమున నొక రైతు పొలము దున్నుచుండగా నాగలి పాతగుడి శిథిలమునకు తగిలి, రోము చక్రవర్తుల బంగారునాణెములుగల కుండ బయటపడెను. ఆ వృత్తాంతమును వ్రాసిన అలెగ్జాండర్ డేవిడ్సన్ లేఖ ‘ఏషియాటిక్ రిసర్చెస్’ రెండవ సంపుటమున అచ్చయినది. ట్రాజను, హేడ్రియను కాలపు ఆ నాణెములలో ననేకము పాతబంగారముగా అమ్ముడుపోయి మూసలో కరగిపోయినవి. కొన్ని మాత్రమే దక్కినవి. దొరకినవానికి అవి బంగారమే కాని చరిత్ర కావు. తెలుగునేలపై దొరకిన రోము నాణెములలో ఈ దేశపు పనివారే వాని నమూనాతో చేసిన యనుకరణములును గలవు; చక్రవర్తి ముఖముపై ఉలిగాటు పడినవియు గలవు. అనగా అసలునకు ప్రతిబింబమును చేయు నేర్పు ఈ నేలపై నాణెపు వాడుకతోపాటే పెరిగినదన్నమాట.

అనుకరణమున్న చోట పరీక్షయు తప్పదు. కౌటిల్యుని అర్థశాస్త్రమున రూపదర్శకుడను నొక అధికారి కలడు. నాణెముల చెలామణిని చూచుటయు, కోశమునకు వచ్చు ధనమును శోధించుటయు నతని విధి. అతడు శుద్ధమని నిర్ణయించిన దానినే కోశాధికారి స్వీకరింపవలెననియు, అశుద్ధమైన దానిని ఖండింపవలెననియు, తెచ్చినవానికి దండన విధింపవలెననియు ఆ గ్రంథము శాసించుచున్నది. ఈ విధిలోని సూక్ష్మమును గమనింపవలెను: కూటధనమును నిరాకరించి తెచ్చినవాని చేతికే యిచ్చి పంపుట చాలదు, అది మఱియొకని మోసగింపకుండునట్లు దానిని ఛేదింపవలెను.

తరువాతి కాలమున ఈ పరీక్షాభారము టంకశాలలోనుండు వారిపైనను, అంగడివీధిలోని షరాబులపైనను పడినది. వరహాలు, మాడలు, రూకలు, పలు రాజ్యముల రూపాయలు కలగలుపుగా చెల్లుచున్న దినములలో షరాబు లేనిదే పెద్ద క్రయము సాగెడిది కాదు. అతడు నాణెమును రాతిపై మ్రోగించి నాదము వినును. గీటురాయిపై గీచి వన్నె చూచును. త్రాసున వేసి తరుగు కట్టును. తరుగునకు తగిన వట్టము మినహాయించి వెల నిర్ణయించును. అమ్మువాడును కొనువాడును ఎదురెదురుగా కూర్చుండగా, ఊరందఱు నెఱిగిన మూడవవాడు తన పేరును పణముగా పెట్టి పలికిన మాట అది. వర్తకమునకు ప్రాణము విశ్వాసమనుటకు ఈ ప్రాంతపు చరిత్రలోనే గొప్ప తార్కాణము కలదు. 1244 ప్రాంతమున కాకతీయ గణపతిదేవుడు మోటుపల్లి రేవున వేయించిన అభయశాసనము, గాలివానకు ఒడ్డునపడిన యోడల సరకును రాజులు హరించు పూర్వపు టాచారమును మాన్పి, సుంకములను నిర్ణయించి, పరదేశవర్తకులకు ధైర్యము చెప్పినది. ఎఱుగనివానితో వర్తకము సాగవలెనన్న ధర్మమునకు పూచీపడు నొక అధికారముండవలెనను సత్యమును ఆ రాతిపలుకు నేటికిని చాటుచున్నది.

కొన్నవస్తువును మరలించు విషయమున మన ధర్మశాస్త్రకారులు చూపిన వివేకము ఆశ్చర్యము గొలుపును. వ్యవహారపదములు పదునెనిమిదింటిలో క్రయవిక్రయానుశయమొకటి. కొనిగాని అమ్మిగాని పశ్చాత్తాపపడినవాని వివాదము దానికి విషయము. మనువు పదిదినముల గడువు నిచ్చినాడు. యాజ్ఞవల్క్యుడు వస్తుస్వభావమును బట్టి పరీక్షాకాలమును విభజించినాడు: ఇనుమున కొకదినము, పాడిపశువునకు మూడుదినములు, బరువు మోయు పశువునకు ఐదు, రత్నములకు ఏడు, విత్తనములకు పది. ఒంగోలుజాతి యెడ్లకు పుట్టినిల్లయిన ఈ ప్రాంతమున ఈ విభాగపు న్యాయము వెంటనే బోధపడును. కాడి కట్టి నాలుగుసాళ్లు దున్నించి చూడక యెద్దు గుణము తెలియదు, పొదుగు పిండి చూడక ఆవు గుణము తెలియదు. నారదుడింకను ముందునకు పోయినాడు. దోషములేని వస్తువును చూపి దోషమున్న దాని నిచ్చినవాడు మూల్యమునకు రెట్టింపు కొన్నవానికి చెల్లించుటయే గాక, అంతే ధనమును రాజునకు దండుగగా కట్టవలెనన్నాడు. అయితే, కొనువాడు తానే ముందుగా పరీక్షింపవలెననియు, పరీక్షించి అంగీకరించి కొన్నదానిని మరలింపరాదనియు ఆతడే నియమించినాడు. పైని చెప్పిన యాజ్ఞవల్క్యుని స్మృతికి విజ్ఞానేశ్వరుడు వ్రాసిన మితాక్షరను పదుమూడవ శతాబ్దిలో తెనిగించినవాడు, తిక్కన కాలపువాడైన మూలఘటిక కేతన. అనగా ఈ న్యాయము సంస్కృతపండితుల తాళపత్రములకే పరిమితము గాక, తెలుగుకవి చేతులమీదుగా పద్యమైనది.

ఆంగ్లేయుల పాలనలో నాణెము ఏకరూపము దాల్చినది. 1818 వఱకు చెన్నపట్టణపు రాజధానిలో లెక్కకు ప్రమాణమైన వరహా తొలగి రూపాయి వచ్చెను; 1835 నుండి కంపెనీ యేలుబడిలోని దేశమంతటను ఒకే తూకము, ఒకే వన్నెగల రూపాయి చెల్లినది. తులమెత్తు, అనగా 180 గ్రెయినుల తూకముగల ఆ రూపాయి పల్లెలలో తూనికరాయిగా కూడ నుపయోగపడినది. నాణెము నిశ్చితమగుటతో షరాబు ప్రాముఖ్యము క్షీణించెను. 1930 నాటి వస్తువిక్రయచట్టము, వర్ణించి అమ్మిన వస్తువు ఆ వర్ణనకు సరిపోవలెనని నిర్దేశించినను, కొనువాడే జాగరూకుడు కావలెనను ఆంగ్లసూత్రమును విడువలేదు. దానిలో కొనువాని యెచ్చరిక మిగిలినదిగాని, రత్నమున కేడుదినములు, విత్తనమునకు పదిదినములన్న పరీక్షాకాలపు విభజన కానరాదు.

ఇంతలో నాణెమునకు మఱియొక విలువ పుట్టినది. కావలి బొఱ్ఱయ్య, లక్ష్మయ్య సోదరుల సహాయముతో గ్రామగ్రామముల కైఫీయతులు వ్రాయించిన కర్నలు మెకంజీ ఆరువేలకు పైగా నాణెములు కూర్చెను. గుంటూరున కొలువుండిన వాల్టరు ఇలియట్టు శాతవాహనుల సీసపునాణెములను సేకరించి, దక్షిణదేశపు నాణెములపై 1886లో గ్రంథము వెలువరించెను. నెల్లూరి రైతుకు కరిగించి అమ్ముకొను లోహమైనది, వీరికి రాజవంశముల కాలమును తేల్చు సాక్ష్యమైనది. విలువ లోహమునుండి స్మృతికి మాఱగానే కూటకారుని విద్యయు మాఱినది. పూర్వము వాడు వెండిలో సీసము కలిపి లోహమున దొంగిలించెను. నేడు వాడు కాలమున దొంగిలించుచున్నాడు. నిన్న పోసిన రాగిబిళ్లకు నిన్నూఱేండ్ల వయస్సు నంటగట్టుటయే వాని వ్యాపారము.

దీనికి తార్కాణముగా తెలుగువారి యిండ్లలో విశేషముగా కనిపించు ‘ఈస్టిండియా కంపెనీ’ రామనాణెమును చెప్పవచ్చును. ఒకవైపు సీతారామలక్ష్మణాంజనేయుల మూర్తులు, రెండవవైపు కంపెనీ పేరు, 1717 అనియో 1818 అనియో 1839 అనియో సంవత్సరము, ‘యు.కె.ఎల్. వన్ అణా’ అను అక్షరములు. చెన్నపట్టణపు టంకశాలలో కంపెనీవారు మూడు స్వాముల వరహాను ముద్రించిన మాట నిజమే. అందుచేతనే ఈ యబద్ధమునకు నమ్మదగిన ముఖమమరినది. కాని ఇట్టి రామనాణెమును కంపెనీ ఏనాడును వెలువరింపలేదు. ఒక అణా నాణెము 1906 నాటి నాణెముల చట్టమునకు తరువాతనే వాడుకలోనికి వచ్చినది. భక్తుడు పూజామందిరమున నుంచుకొను రామటంకము కూటము కాదు; అది తాను రాజముద్రితమని చెప్పుకొనదు. దానిపై దొంగ సంవత్సరమును, దొంగ కంపెనీ పేరును చెక్కి వేలకు వేలు గుంజుటయే కూటము. ఇట్టి బిళ్లకు లక్షలిత్తుమని, ముందుగా రుసుము కట్టుడని రిజర్వుబ్యాంకు పేరు చెప్పి వంచించువారిని గూర్చి ఆ బ్యాంకే 2021 ఆగస్టులో ప్రజలను హెచ్చరించినది. ఇచట గీటురాయి పనికిరాదు; చరిత్రజ్ఞానమే గీటురాయి.

అయినను ఎంత తెలిసినవాడైనను బొమ్మను చూచి తూకము చెప్పలేడు, ఫోనులో నాదము వినలేడు. కావున దూరమునుండి కొన్నవానికి వస్తువు చేతికందిన పిమ్మటనే పరీక్ష మొదలగును. మరలించు హక్కు లేనిచో ఆ పరీక్ష వ్యర్థము. 2020 జులై 20న అమలులోనికి వచ్చిన వినియోగదారుల రక్షణచట్టమును, అదే నెల 23న వెలువడిన ఈ-కామర్సు నియమములును ఈ న్యాయమును మరల నిలిపినవి. కూటవస్తువును గాని, ప్రకటించిన లక్షణములు లేనిదానిని గాని మరల తీసికొనుటకు, సొమ్ము తిరిగి యిచ్చుటకు అమ్మువాడు నిరాకరింపరాదు. ఫిర్యాదు అందినట్లు ఈ-కామర్సు అంగడివారి ఫిర్యాదుల అధికారి 48 గంటలలో తెలుపవలెను; నెలలోపల పరిష్కరింపవలెను. అప్పటికిని న్యాయము జరుగనిచో, కొన్నవాడు తాను నివసించు జిల్లాలోనే వినియోగదారుల కమిషనును ఆశ్రయింపవచ్చును. అమ్మినవాడు ఢిల్లీలోనున్నను పొదిలివాసి తన జిల్లాలోనే వ్యాజ్యము వేయవచ్చును. వినియోగదారుల సహాయమునకై యేర్పఱచిన 1915 సంఖ్యకు ఫోనుచేసి సలహా పొందవచ్చును. వృత్తిగా వర్తకము చేయని వ్యక్తి నుండి కొన్నప్పుడు మాత్రము ఈ చట్టపు రక్షణ దుర్లభమని మఱువరాదు. పార్శిలు విప్పునపుడు వీడియో తీయుట, తూకము, వ్యాసము కొలిచి వ్రాసికొనుట, అమ్మువాని ప్రకటనను భద్రపఱచుట, గడువులోపల లిఖితపూర్వకముగా కారణము తెల్పుట – ఇవియే నేటి షరాబుతనము.

ఇంతవఱకు చట్టము మనకు తోడు వచ్చును; కాని కౌటిల్యుడు చెప్పిన రెండవ విధి, అనగా కూటమును ఛేదించుట, యింకను మిగిలియే యున్నది. నేడు కొన్నవానికి సొమ్ము తిరిగివచ్చినంతనే వివాదము ముగిసినట్లు తలచుచున్నారు. మరలివెళ్లిన కూటనాణెము అమ్మువాని యరలో చేరి, వారము తిరుగకమునుపే మఱియొక యూరి సేకర్తకు అదే బొమ్మతో అదే వెలకు ప్రయాణము కట్టుచున్నది. చెలామణి నాణెముల విషయమున 1906 చట్టము కూటమును కోయించి, నష్టమును తెచ్చినవానిపైననే మోపినది. అట్టి నియమము సేకరణవస్తువులకును కావలెను. కూటమని తేలిన వస్తువును అంగడివారు అమ్మువానికి చేర్చక గుర్తువేసి యుంచుకొనవలెను. ఆ ప్రకటనను తొలగింపవలెను. మాటిమాటికి పట్టుబడినవానికి అంగడిలో తావు లేకుండ చేయవలెను. అట్టి నియమము వచ్చువఱకు ఆ ధర్మము కొన్నవానిదే. సొమ్ము తిరిగియిచ్చి, వస్తువును మీరే యుంచుకొనుడని అమ్మువాడు చెప్పినచో, దాని యంచున ఆకురాయితో గాటుపెట్టి, కూటమని చీటి వ్రాసి, క్రొత్తగా సేకరింప మొదలిడిన పిల్లలకు అసలునాణెము ప్రక్కన నుంచి చూపవలెను. సొమ్ము నష్టపోలేదు గదా యని ఆ బిళ్లను వేఱొకని కమ్మినవాడు, తన్ను మోసగించినవాని పనినే తాను పూర్తిచేసినవాడగును.