నవల నుండి పాచికల బల్లకు

జె. ఆర్. ఆర్. టోల్కీన్ రచించిన ‘ది లార్డ్ ఆఫ్ ది రింగ్స్’ 1954, 1955 సంవత్సరాలలో మూడు సంపుటాలుగా వెలువడింది. ఉంగరం ఎట్లా నశించిందో, చివరకు రాజెవరయ్యారో ఆ నవల చదివిన వారందరికీ విదితమే. ముగింపు తెలిసిన కథను ఆటగా మలచడం ఎట్లా? ఏమి జరుగుతుందో తెలియకపోవడమే కదా ఆటకు ప్రాణం! ఈ చిక్కును విప్పడానికి జరిగిన యత్నాల చరిత్రను సంగ్రహంగా మనవి చేస్తాను.

ముందుగా ఆట స్వరూపం. నలుగురైదుగురు ఒక బల్ల చుట్టూ కూర్చుంటారు. ఒక్కొక్కరు ఒక్కొక్క పాత్రను ధరించి, ఆ పాత్ర ఏమి చేయదలచిందో నోటితో చెబుతారు. గేమ్ మాస్టర్ అనే వ్యక్తి మన నాటకాలలోని సూత్రధారి వలె కథను నడుపుతూ, సన్నివేశాన్ని వర్ణించి, తక్కిన పాత్రల తరఫున తానే పలుకుతాడు. తలపెట్టిన కార్యం నెరవేరుతుందా లేదా అన్న సందేహం కలిగినచోట పాచికలు తీర్పు చెబుతాయి.

ఈ జాతి ఆటలకు ఆద్యం ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’. అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ దానిని 1974లో, అంటే టోల్కీన్ మరణించిన మరుసటి సంవత్సరం, ప్రకటించారు. అది ఏ ఒక్క నవలకూ అనుసరణ కాదు. అయినా హాబిట్లు, ఎంట్లు అనే టోల్కీన్ పేర్లు యథాతథంగా అందులో చేరాయి. ఆ నవలల చలనచిత్ర, వ్యాపార హక్కులు గలవారు 1977లో అభ్యంతరం తెలపగా హాబిట్లు ‘హాఫ్లింగులు’గా, ఎంట్లు ‘ట్రెంట్లు’గా మారాయి. పేర్లు మారినా ఆటకు లోటు రాలేదు. టోల్కీన్ వద్ద ఆ ఆట పుచ్చుకొన్నవి నామరూపాలు మాత్రమే గనుక, వాటిని మార్చుకోవడం దానికి కష్టం కాలేదు.

అనుమతి పొంది ఆ నవలాలోకాన్నే ఆటగా మలచినది ‘మిడిల్ ఎర్త్ రోల్ ప్లేయింగ్’. వర్జీనియా రాష్ట్రంలోని ఐరన్ క్రౌన్ ఎంటర్‌ప్రైజెస్ దానిని 1984లో వెలువరించింది. తెలిసిన ముగింపు అనే చిక్కును వీరు కాలాన్ని వెనుకకు జరిపి దాటారు. నవలలోని ఉంగర యుద్ధం తృతీయ యుగంలో 3018, 3019 సంవత్సరాల నాటిది. ఆటకు అనుబంధంగా వచ్చిన దేశవర్ణన గ్రంథాలు చాలావరకు 1640 ప్రాంతాన్ని ఎన్నుకొన్నాయి. 1636లో చెలరేగిన మహామారి వల్ల రాజ్యాలు బలహీనపడిన కాలమది. దానిని గురించి టోల్కీన్ వ్రాసినది స్వల్పం. కావున ఆటగాళ్ళ కల్పనకు చోటు దొరికింది. పీటర్ ఫెన్లాన్ గీసిన దేశపటాలకు మంచి పేరు వచ్చింది. అయితే నియమాలు మాత్రం అదే సంస్థ వారి ‘రోల్‌మాస్టర్’ అనే వేరొక ఆట నుండి వచ్చినవి. అందువల్ల నవలలో గాండాల్ఫ్ సైతం అరుదుగా ప్రయోగించే మంత్రశక్తి ఇక్కడ సామాన్య పాత్రకు కూడా సులభమయింది. దేశం టోల్కీన్‌దే గాని, ధర్మం మరొకరిది. 1999లో ఆ సంస్థ హక్కులను కోల్పోవడంతో ఈ ఆట ప్రచురణ ఆగిపోయింది.

ఇటలీకి చెందిన ఫ్రాంచెస్కో నెపిటెల్లో రూపొందించగా 2011లో వచ్చిన ‘ది వన్ రింగ్’ ఈ లోపాన్ని సవరించింది. ఇందులోని కథాకాలం 2946, అనగా ‘ది హాబిట్’ చివర వచ్చే పంచసేనల యుద్ధం జరిగిన అయిదేళ్ళకు. ఇందులో పన్నెండు ముఖాల పాచిక ఒకటి ఉన్నది. దాని ఒక ముఖం మీద గాండాల్ఫ్ చిహ్నం, మరొక ముఖం మీద సౌరాన్ కన్ను ఉంటాయి. ప్రతి పాత్రకూ ‘ఆశ’, ‘ఛాయ’ అని రెండు లెక్కలు ఉంటాయి. దుష్కార్యానికి ఒడిగట్టినా, పాపపు సొమ్ముకు ఆశపడినా ఛాయ పెరుగుతుంది. ఛాయ ఆశను అందుకొన్ననాడు పాత్ర విషాదగ్రస్తమవుతుంది. ఆపై పాచిక మీద కన్ను పడితే మతి చలిస్తుంది. ఇక్కడ ప్రయాణమే ఒక ప్రధాన ఘట్టం. దారి చూపేవాడు, వేటాడి తిండి తెచ్చేవాడు, కాపు కాసేవాడు అని పనులు పంచుకొంటారు. 2022లో ఒక స్వీడన్ సంస్థ దీని రెండవ కూర్పును వెలువరించింది.

మన లాక్షణికులు ఇతివృత్తాన్ని ప్రఖ్యాతం, ఉత్పాద్యం, మిశ్రం అని మూడు విధాలుగా విభజించారు. పూర్వకథకు సత్కవి కల్పన తోడైతే రత్నానికి సానపట్టినట్లవుతుందని వసుచరిత్ర అవతారికలో రామరాజభూషణుడు మిశ్రాన్నే మెచ్చుకొన్నాడు. నవలల నుండి పుట్టిన ఈ ఆటలన్నీ మిశ్రాలే. కాని ప్రతి సానా రత్నానికి వన్నె తేదు. ఉంగరాన్ని అంత దూరం మోసుకొచ్చిన ఫ్రోడో చివరి క్షణంలో దానిని విడువలేకపోయాడు. మంచివాని మనసు సైతం లోభానికి లొంగడమే ఆ నవలలోని ఆయువుపట్టు. పటాలు, పేర్లు, యుద్ధాలు ఎన్ని చేర్చినా ఆ పరీక్ష లేని ఆట టోల్కీన్ ఆట కానేరదు. ‘ది వన్ రింగ్’లో నిధి ఎదుట నిలిచిన ఆటగాడు, తీసుకొందునా మానుదునా అని తనను తానే ప్రశ్నించుకోవలసి వస్తుంది. నవలలో ఫ్రోడోకు ఎదురైన ప్రశ్న అదే. ఏ నవలను ఆటగా మలచబూనిన వారైనా ముందుగా వెదకవలసినది అటువంటి ప్రశ్ననే అని నా అభిప్రాయం.